టెక్ సందేహాలు: రికార్డర్ అని వెతికితే మైకు బొమ్మలే వస్తున్నాయి!

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి. బడిలో రికార్డర్ అనే, పిల్లనగ్రోవి లాంటి ఊదే వాయిద్యం నేర్పుతున్నారు. క్రిస్మస్‌కు చర్చిలో రెండు పాటలు వాయిస్తానని సండే స్కూల్ టీచరుకు మాట ఇచ్చేసింది. పాటల స్వరాలు రాసిన నోట్స్ కోసం ఫోనులో వెతికితే మాటలు రికార్డు చేసే యాప్‌లే కనిపిస్తున్నాయి. ఉచితంగా ఎక్కడ దొరుకుతాయి? – ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: యాప్ స్టోరుకు రికార్డర్ అంటే మైకు గుర్తే. కాబట్టి బ్రౌజర్లో, ఇంగ్లీషులో, సోప్రానో రికార్డర్ షీట్ మ్యూజిక్ అని టైపు చేయండి. బడి పిల్లలు వాయించే చిన్న రికార్డర్ పేరు సోప్రానో. బ్రిటన్‌లో దానినే డెస్కాంట్ అంటారు, ఆ మాటతో మరోసారి వెతికితే ఇంకొన్ని తగులుతాయి. చివర ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్ అని మధ్యలో ఖాళీ లేకుండా చేర్చండి. వీడియోల గోల తప్పుతుంది, ప్రింటుకు పనికొచ్చేవే మిగులుతాయి.

పాత క్రిస్మస్ పాటల స్వరలిపికి ఐఎంఎస్‌ఎల్‌పీ, కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీ, హిమ్నరీ అనే మూడు సైట్లు చాలు. అయితే వీటిలో చాలా పాటలు నాలుగు గొంతుల గాయక బృందం కోసం రాసినవి. కిందటేడు మా అన్నయ్య కూతురికి అలాంటిదే ఒకటి ప్రింటు తీయించి ఇచ్చాను. ఒక్కో చోట నాలుగేసి నోట్లు చూసి, 'బాబాయ్, నాకు ఉన్నది ఒకటే నోరు' అంది. ఐదేసి గీతల వరుసలు రెండు ఉంటే, పై వరుసలో తోక పైకి ఉన్న నోట్లను మాత్రమే వాయించాలి. సాధారణంగా పాట బాణీ అక్కడే ఉంటుంది.

మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. నోట్స్ పది నిమిషాల్లో దొరుకుతాయి. అవి మీ అమ్మాయి వేళ్లకు అందుతాయా లేదా అన్నది చూడకుండా ప్రింటు తీస్తే డిసెంబరు 24 రాత్రి ఏడుపే. 1857 నాటి 'జింగిల్ బెల్స్' పల్లవిని జి శ్రుతిలో తీసుకుంటే జి, ఏ, బి, సి, డి ఐదే స్వరాలు. అన్నీ ఎడమ చేతి వేళ్లతోనే పలుకుతాయి, కుడి చేయి వాయిద్యాన్ని పట్టుకుంటే చాలు. మొదటి పాటగా దీనికి మించింది లేదు. 'జాయ్ టు ద వరల్డ్' మొదటి వరుసే పై స్థాయి నుంచి కింది స్థాయి దాకా మెట్లు దిగినట్టు మొత్తం దిగుతుంది, రెండు చేతులూ కావాలి. 1818లో ఆస్ట్రియాలో పుట్టిన 'సైలెంట్ నైట్' వినడానికి జోలపాటే. సి శ్రుతిలో మాత్రం దాని చివరి స్వరం రికార్డర్‌లో అన్నిటికన్నా కింది సి. వెనక బొటనవేలి రంధ్రంతో సహా అన్నీ మూసి మెల్లగా ఊదాలి. కాస్త గట్టిగా ఊదినా కీచుమంటుంది. దానిని వచ్చే ఏడాదికి ఉంచండి.

ఇంకో చిక్కు. రికార్డర్లలో జర్మన్, బరోక్ అని రెండు రకాల వేళ్ల అమరిక ఉంది. ముందు వైపు పైనుంచి నాలుగో రంధ్రం ఐదో దానికన్నా పెద్దదైతే జర్మన్, చిన్నదైతే బరోక్. యమహాలో వైఆర్‌ఎస్-23 జర్మన్, వైఆర్‌ఎస్-24బీ బరోక్. ఎఫ్ స్వరం ఈ రెంటిలో వేర్వేరుగా పట్టాలి. ఏ స్వరానికి ఏ రంధ్రాలు మూయాలో చూపే వేళ్ల పటం ఒక రకానిది, వాయిద్యం మరో రకానిది అయితే పిల్లది ఎంత సాధన చేసినా ఎఫ్ తప్పే పలుకుతుంది, తిట్లు మాత్రం పిల్లకు పడతాయి.

శ్రుతి మార్చుకోవడానికి మ్యూజ్‌స్కోర్ స్టూడియో అనే, స్వరాలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో వేసుకోండి. అదే పేరుతో ఉన్న ఫోను యాప్ చూడడానికి, వినడానికే. వాయిద్యంగా సోప్రానో రికార్డర్‌ను ఎంచుకుని పాట స్వరాలు ఎక్కిస్తే దానికి అందని స్వరాలు ఎర్రగా కనిపిస్తాయి. టూల్స్ మెనూలో ట్రాన్స్‌పోజ్ నొక్కి, ఎరుపు పోయేదాకా శ్రుతి మార్చి చూడండి. వేగం సగానికి తగ్గించి వినిపిస్తే పక్కన కూర్చుని వాయించుకోవచ్చు. ఆ పేరుతో ఉన్న వెబ్‌సైటు డౌన్‌లోడ్‌కు చందా అడిగితే కంగారు పడకండి, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం రూపాయి అక్కర్లేదు.

ప్రశ్న: శ్రుతి చూపే ట్యూనర్ యాప్ ముందు మా అబ్బాయి రికార్డర్‌లో 'ఏ' (A) అనే స్వరం ఊదితే 880 హెర్ట్జ్ చూపిస్తోంది. 440 ఉండాలి కదా, వాయిద్యం పాడైందా? – పటమట, విజయవాడ

జవాబు: బాగానే ఉంది. సోప్రానో రికార్డర్ కాగితం మీద రాసిన దానికన్నా ఒక స్థాయి పైన పలుకుతుంది. అందుకే కొన్ని పుస్తకాల్లో గీతల మొదట్లో ఉండే క్లెఫ్ గుర్తు నెత్తిన చిన్న 8 అంకె వేస్తారు. 870 దగ్గర ఆగిపోతే మాత్రం వాయిద్యం చల్లగా ఉందని అనుమానించండి. డిసెంబరు ఉదయం ఆరాధనకు ముందు ఐదు నిమిషాలు పై భాగాన్ని అరచేతుల్లో పట్టుకుని వెచ్చబెట్టమనండి. 880 దాటి పోతుంటే పై ముక్కను వెంట్రుకవాసి బయటికి లాగాలి.

ప్రశ్న: ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం, తాళం ఇచ్చారు గానీ స్వరాలు లేవు. వాటిని రికార్డర్ కోసం రాసుకునే దారి ఉందా? – అరండల్‌పేట, గుంటూరు

జవాబు: వినికిడితో రాసుకోవడమే మేలు. పాట నుంచి స్వరాలు లాగి ఇస్తామనే యాప్‌లు హార్మోనియం, తబలా, గొంతు కలిసేసరికి తికమకపడతాయి. మ్యూజ్‌స్కోర్‌లో స స్వరాన్ని జి దగ్గర పెట్టుకోండి. శంకరాభరణం లాంటి రాగమైతే స రి గ మ ప అంటే జి, ఏ, బి, సి, డి. పైన చెప్పిన ఆ ఐదు స్వరాలే. కిందికి మంద్ర పంచమం దాకా దిగడానికి చోటుంటుంది. పైకి ధైవతం నుంచి వెనక రంధ్రాన్ని బొటనవేలితో సగమే మూయాలి. గమకాలు రాయకండి, సాఫ్ట్‌వేర్ వాటిని తొక్కేస్తుంది. వరస మాత్రం రాసి, ఊగించాల్సిన చోట పెన్సిలుతో చిన్న అల గీసుకోండి.