సినిమా పత్రిక అట్ట వెనుక లెక్కలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఏ సినిమా పత్రిక చూసినా అట్ట నిండా ఒకే తార ముఖం, అదీ మనవైపే చూస్తున్నట్టు ఉంటుంది. సినిమాలోని మంచి సన్నివేశం ఒకటి ఎందుకు వేయరు?

జవాబు: పక్కపక్కనే పేర్చిన పదుల పత్రికల ముందునుంచి నడిచిపోతూ ఒక్క చూపు మాత్రమే చూసే మనిషిని దృష్టిలో పెట్టుకుని అట్టను రూపొందిస్తారు. ఆ చూపును నిలపడానికి మనిషి ముఖాన్ని మించిన సాధనం లేదు. పుట్టిన కొద్ది రోజులకే పసిపిల్లలు సైతం మిగిలిన ఆకారాలకంటే ముఖాన్ని పోలినదానివైపే ఎక్కువగా చూస్తారు. అందుకే ఫొటో తీసేటప్పుడు తారను సూటిగా లెన్సులోకి చూడమంటారు, కళ్లలో చిన్న వెలుగుచుక్క మెరిసేటట్టు లైట్లు అమరుస్తారు, వెనుక తెరను వీలైనంత సాదాగా ఉంచుతారు. సినిమా స్టిల్‌లో పాత్రలు ఒకరినొకరు చూసుకుంటాయే తప్ప కొనేవారిని చూడవు. పైగా తెర అడ్డంగా ఉంటుంది, అట్ట నిలువుగా ఉంటుంది. స్టిల్‌ను నిలువుగా కత్తిరిస్తే సన్నివేశమూ మిగలదు, అక్షరాలకు చోటూ మిగలదు.

స్టిల్స్‌తోనే పేరు తెచ్చుకున్న పత్రికలూ ఉన్నాయి. 1951లో పారిస్‌లో ప్రారంభమైన ‘కాయే దు సినిమా’ తొలి సంచిక పసుపు అట్టమీద ‘సన్‌సెట్ బులేవార్డ్’ చిత్రంలోని గ్లోరియా స్వాన్సన్ నలుపు తెలుపు స్టిల్ వేసింది. ఆ పసుపు రంగే చాలాకాలం దాని గుర్తుగా నిలిచింది. అయితే ఆ పత్రికను వెతుక్కుంటూ వచ్చేవారు వేరు, దారిన పోతూ ఆగేవారు వేరు.

ప్రశ్న: ఈ నెల ఎవరి ముఖం వేయాలన్నది ఎవరు నిర్ణయిస్తారు?

జవాబు: సంపాదకుడు, ఆర్ట్ విభాగం, అమ్మకాల విభాగం కూర్చుని తేలుస్తారు, వారిలో అమ్మకాల విభాగం మాటకే బరువు ఎక్కువ. ఏ అట్ట వేసిన నెలలో ఎన్ని ప్రతులు అమ్ముడుపోక తిరిగివచ్చాయో ఆ విభాగం దగ్గర లెక్క ఉంటుంది. అమెరికాలో 1974లో ప్రారంభమైన ‘పీపుల్’ పత్రిక తొలి సంపాదకుడు రిచర్డ్ స్టోలీ ఇలాంటి అనుభవంతోనే ఒక సూత్రం తయారుచేశారు. దాని సారం ప్రకారం వయసు మళ్లినవారికంటే యువతరం, వికారంకంటే అందం, సినిమాకంటే సంగీతం, సంగీతంకంటే టీవీ మేలు. రాజకీయాలకంటే ఏదైనా మేలే. మరణించిన తారను మించిన అట్ట లేదన్న మాటను ఆయన తర్వాత చేర్చారు. వినడానికి కటువుగా ఉన్నా, నివాళి సంచికలు ఎందుకంత త్వరగా వెలువడతాయో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

వీటికితోడు సినిమా విడుదల తేదీ ఒకటుంది. మాసపత్రిక అట్ట చాలా ముందుగా ఖరారవుతుంది కనుక, విడుదల వాయిదా పడితే అట్ట పాతబడిపోతుంది. నిర్మాణసంస్థలు ఇంటర్వ్యూ ఇస్తూ అట్టమీద చోటు అడగడం కూడా ఉన్నదే.

ప్రశ్న: పత్రిక పేరు ఎప్పుడూ పైనే ఉంటుంది. దానిమీదికి నటుడి తల వచ్చి అక్షరాలు కనిపించకపోయినా ఫరవాలేదా?

జవాబు: అరల్లో పత్రికలను ఒకదానిమీద ఒకటి కొంత కప్పుతూ పెడతారు, బయటికి కనిపించేది చాలాచోట్ల పైభాగమో ఎడమ అంచో మాత్రమే. పేరు పైన ఉండటానికీ, ముఖ్యమైన శీర్షికలను ఎడమవైపు సర్దడానికీ, బార్‌కోడ్‌ను కింద మూలకు నెట్టడానికీ ఇదే కారణం. బాగా అలవాటైన పేరును రెండు అక్షరాలు మరుగుపడ్డా పాఠకులు పోల్చుకుంటారు, పైగా తార అట్టలోనుంచి ముందుకు వచ్చినట్టు లోతు కనిపిస్తుంది. కొత్త పత్రిక మాత్రం ఆ సాహసం చేయకూడదు. తెలుగు లిపితో మరో చిక్కుంది: పైన గుడులకూ కింద వత్తులకూ చోటు వదలాలి కనుక పంక్తులను మరీ దగ్గరగా పేర్చలేము. ఆరేడు శీర్షికలు కుక్కిన అట్టకంటే, ఒకటి పెద్దదిగా, రెండు చిన్నవిగా ఉన్న అట్టే దూరంనుంచి చదవడానికి వీలుగా ఉంటుందని మా అభిప్రాయం.

ప్రశ్న: అట్టమీది ఫొటోలను ఎంతవరకు మారుస్తారు?

జవాబు: మార్చని అట్ట దాదాపు ఉండదు. ఇది కంప్యూటర్లతో వచ్చిన అలవాటు కూడా కాదు. 1911లో మొదలైన ‘ఫొటోప్లే’ పత్రిక, రంగుల ఫొటోలు అచ్చువేయడం కష్టమైన ఆ రోజుల్లో చిత్రకారులు గీసిన తారల ముఖాలను అట్టమీద వేసేది. కుంచె పట్టినవారు మచ్చలనూ ముడతలనూ గీయవలసిన అవసరమే లేదు. నేడు చర్మపు మెరుపు సరిదిద్దడం, కళ్లలోని ఎరుపు జీర తీసేయడం, జుట్టు పోగులు తుడిచేయడం మామూలు పనులు. ముద్రణలో చర్మపు రంగు ఎర్రబడకుండా చూడటమూ ఇందులో భాగమే, దాన్ని తప్పుపట్టలేము. శరీరాన్నే మార్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. 1989లో అమెరికాలోని ‘టీవీ గైడ్’ పత్రిక టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రే తలను నటి యాన్ మార్గ్రెట్ శరీరానికి అతికించిన చిత్రాన్ని అట్టగా వేసింది. ఆ గౌనును యాన్ మార్గ్రెట్ దుస్తుల రూపకర్త గుర్తుపట్టడంతో గుట్టు బయటపడింది. 2018లో ‘వానిటీ ఫెయిర్’ హాలీవుడ్ సంచిక అట్టమీద నటి రీస్ విదర్‌స్పూన్‌కు మూడు కాళ్లున్నట్టు కనిపించి నవ్వులపాలైంది. అది గౌను లోపలి వస్త్రమేనని పత్రిక సమాధానం చెప్పుకుంది కానీ, అట్టలో కోత, అతుకు ఉంటాయని తెలిసిన పాఠకులు వెంటనే నమ్మలేదు.

ప్రశ్న: ఒకే సంచికకు రెండు మూడు అట్టలు ఎందుకు?

జవాబు: అభిమానులు అన్నీ కొంటారని. ఇద్దరు తారల సినిమా అయితే ఎవరి బొమ్మ ముందు ఉండాలన్న తగవు కూడా తప్పుతుంది.

ప్రశ్న: అట్టమీద ‘పెళ్లి రహస్యం బయటపడింది’ అని ఉంటుంది, లోపల రెండు వాక్యాలు కూడా ఉండవు. ఇది మోసం కాదా?

జవాబు: మోసమే. శీర్షిక కొంత దాచవచ్చు, దాచినది లోపల దొరకాలి. శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంటే ఆ వార్త నిర్ధారణ కాలేదని అనుమానించవచ్చు. కథనం పూర్తికాకముందే అట్ట అచ్చుకు వెళ్లడం వల్ల కొన్నిసార్లు ఈ తేడా వస్తుంది. అట్టను ఖరారు చేసే ముందు ప్రతి శీర్షిక పక్కన లోపలి పుట సంఖ్య రాయించి, ఆ పుటలో ఆ సంగతి ఉన్నదో లేదో వేరొకరిచేత చదివిస్తే ఇలాంటి శీర్షికలు చాలావరకు అక్కడే రాలిపోతాయి.