తలకిందులైన తుపాకీ

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిన్నా,

నువ్వు తయారుచేసిన తుపాకీ గేమ్ నిన్న రాత్రి ఆడాను. బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ పక్కన శత్రువుల్ని దింపావు చూడు, అది చూసి మీ పెదనాన్న కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కుడివైపు కాల్చినంతసేపూ బాగానే ఉంది. ఎడమకి తిరిగానో లేదో తుపాకీ తలకిందులైంది, తూటాలు హీరో వీపులోంచి వచ్చాయి. టెన్షన్ పడకు. మొదటిసారి చేసినప్పుడు నాకూ ఇదే అయింది, వారం పట్టింది తేలడానికి.

నీ కోడ్ చూశాను. ఎడమకి తిరగగానే హీరో మొత్తానికి స్కేల్ ఎక్స్ (అడ్డం కొలత) మైనస్ ఒకటి పెట్టేశావు, అంటే అద్దంలో బొమ్మలా తిప్పేశావు. చిక్కంతా అక్కడే. తుపాకీ హీరోకి చైల్డ్ కదా, అంటే వాడి కింద తగిలించిన భాగం, హీరోని అద్దంలోకి తోస్తే తుపాకీ కోణం కూడా తిరగబడిపోతుంది. పైగా నువ్వు వాడేది గోడో (Godot) అనే గేమ్ ఇంజిన్. అది ఎక్స్ మైనస్‌ని అలాగే గుర్తుపెట్టుకోదు. వై (నిలువు కొలత) మైనస్, దాంతోపాటు 180 డిగ్రీల రొటేషన్ అని మార్చి చెబుతుంది. ఆ విలువల్ని మళ్ళీ చదివి లెక్క వేస్తున్నావు కాబట్టే రెండోసారి తిరిగేసరికి హీరో పిచ్చెక్కినట్టు గెంతుతున్నాడు.

డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌస్ గుర్తుందా? కట్టడం కదలదు, వెలుగు ఒక్కటే తిరుగుతుంది. హీరోని అలా కట్టు. ఒంటి బొమ్మ వేరు, తుపాకీ వేరు, ఒకదాని కింద ఒకటి కాకుండా పక్కపక్కన. ఒంటికి ఫ్లిప్ హెచ్ (flip_h) అనే సెట్టింగ్ చాలు, అది బొమ్మనే తిప్పుతుంది, మిగతావాటి జోలికి పోదు. భుజం దగ్గర ఒక ఖాళీ నోడ్ (బొమ్మ లేని, మిగతావి తగిలించుకునే భాగం) పెట్టి, తుపాకీని దాని కింద వేలాడదీసి, ఆ నోడ్‌ని తిప్పు. భుజం సరిగ్గా మధ్యలో లేకపోతే ఆ నోడ్‌ని కూడా అవతలి పక్కకి జరపాలి, మర్చిపోకు.

ఇక గురి. మౌస్ స్థానంలోంచి భుజం స్థానం తీసేసి, కోణం లెక్కకట్టే ఏటాన్2 (atan2) ఫంక్షన్‌కి ఇవ్వు. వై ముందు, ఎక్స్ తర్వాత. ఇది తారుమారు చేసి నేను ఒక పూటంతా పోగొట్టుకున్నాను. వచ్చేది రేడియన్లలో, మైనస్ π నుంచి π దాకా, అంటే మైనస్ 180 నుంచి 180 డిగ్రీల దాకా. బళ్ళో గ్రాఫ్ పేపర్‌లా కాదు, ఇక్కడ వై కిందికి పెరుగుతుంది. మౌస్ ఎక్కడుందో స్క్రీన్ లెక్కన కాకుండా గేమ్ ప్రపంచం లెక్కన అడుగు. లేకపోతే కెమెరా కదిలిన మరుక్షణం గురి పక్కకి పోతుంది.

కోణం అటైనా ఇటైనా 90 డిగ్రీలు దాటిందంటే హీరో ఎడమకి చూస్తున్నట్టు. అప్పుడు ఆ భుజం నోడ్‌కి స్కేల్ వై మైనస్ ఒకటి. తుపాకీ మళ్ళీ నిటారుగా ఉంటుంది, తూటా పుట్టే చోటు గుర్తుగా గొట్టం చివర పెట్టిన మార్కర్ కూడా దాంతోపాటే సరిగ్గా వస్తుంది. అయితే మౌస్ సరిగ్గా నెత్తిమీద ఉన్నప్పుడు హీరో అటూ ఇటూ టపటపా కొట్టుకుంటాడు. అందుకని 95 దాటితేనే ఎడమకి తిప్పు, 85 కన్నా తగ్గితేనే కుడికి. మధ్యలో ఎటు ఉన్నవాడు అటే.

తూటా గొట్టం చివర పుట్టాలి, కానీ దాని దిశ గొట్టం చివర నుంచి మౌస్‌కి లెక్కకట్టకు. మౌస్ భుజానికీ గొట్టానికీ మధ్య ఉంటే తూటా వెనక్కి వచ్చి వాడికే తగులుతుంది! తుపాకీ కోణమే తూటా కోణం. గొట్టాన్ని భుజం గీతలోనే గీస్తే గురికీ దెబ్బకీ తేడా రాదు. అనుమానమొస్తే భుజం నుంచి మౌస్ దాకా ఒక ఎర్ర గీత గీసి చూసుకో, నేను ఇప్పటికీ అదే చేస్తాను.

ఇంకొకటి మీ పెదనాన్న పట్టుకున్నారు. హీరో టీషర్టు మీద ‘వైజాగ్’ అని రాశావు కదా, ఎడమకి తిరిగితే అక్షరాలు కూడా తిరగబడుతున్నాయి. ఎడమవైపుకి వేరే బొమ్మలు గీయమని ఆయన. నడకకీ గెంతుకీ అన్నిటికీ రెండేసి గీయాలంటే తెల్లారిపోతుంది, ఆ అక్షరాలు తీసేసి చారలు వెయ్యమని నేను. ఇద్దరం రాత్రి పదకొండింటిదాకా వాదించుకున్నాం. ఏదో ఒకటి చేసి ఆదివారంలోగా పంపు.

మీ పెద్దమ్మ