బైబిలు ప్రపంచంలో ఫాంటసీ ఆట ఆడాలంటే విజార్డ్‌ను పాపిని చెయ్యాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ టేబుల్ దగ్గర ఐదుగురిలో ముగ్గురు చర్చికి వెళ్ళేవాళ్ళు. మంత్రం గురించి, దయ్యాల గురించి, చెడు గురించి బైబిలు చెప్పేది నిజమైన ప్రపంచంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్ళు తలో పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ ఆడే ఆట) ఆడాలని ఉంది. కానీ అలా పెడితే విజార్డ్, అంటే మంత్రగాడి పాత్ర, ఆడేవాడు మొదటిరోజే తప్పు చేసినవాడైపోతాడు, ఏం చెయ్యాలి అని.

నేను సరిగ్గా ఇక్కడే ఒక క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే ఒకే కథ) పాడుచేసుకున్నాను. రెండోది రెండేళ్ళు నడిచింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటిసారి అందరికీ తట్టే పద్ధతే నాకూ తట్టింది. క్లరిక్ (దేవుణ్ణి సేవించే పూజారి పాత్ర) శక్తి దేవుడిది, విజార్డ్ శక్తి సాతానుది. స్పెల్ (మంత్రం) వాడినప్పుడల్లా విజార్డ్‌కు ఒక పాపం పాయింటు, పది నిండితే ఆ క్యారెక్టర్ ఆట నడిపించే నా చేతికి వచ్చేస్తుంది. మూడో వారానికి ఆ కుర్రాడు స్పెల్స్ వాడడం మానేశాడు. ఆదివారం మూడు గంటలు కూర్చుని, తన వంతు వచ్చినప్పుడల్లా క్రాస్‌బో కొట్టి, షీటు మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తప్పు అతనిది కాదు. దేవుడు, సాతాను సమానబలం ఉన్న రెండు జట్లు అన్నట్టు నేను ఆట కట్టాను. బైబిల్లో అలా లేనే లేదు.

ఆ తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను. మన తెలుగు బైబిల్లో ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయం తెరవండి. ‘మేజిక్’ అన్నిటికీ కలిపి ఒకే మాట ఉండదు. సోదెగాడు, మేఘశకునాలు చెప్పేవాడు, సర్పశకునాలు చెప్పేవాడు, చిల్లంగివాడు, మాంత్రికుడు, ఇంద్రజాలకుడు, కర్ణపిశాచిని అడిగేవాడు, దయ్యాల దగ్గర విచారణ చేసేవాడు. ఎవరి పని వాళ్ళది. ఇందులో ఎక్కువమంది చేసేది ఒకటే, తెలియనిదాన్ని ఎవరినో అడిగి తెలుసుకోవడం. వెంటనే కింద వచ్చే మాట ఏమిటంటే, దేవుడు మీలోనుంచే ఒక ప్రవక్తను లేపుతాడు, అతని మాట వినండి అని. అంటే అసలు గొడవ శక్తి ఉందా లేదా అని కాదు, నువ్వు ఎవరిని అడుగుతున్నావు అని. నా రెండో క్యాంపెయిన్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడింది. స్పెల్ లిస్టులో నిషేధాలేమీ పెట్టలేదు. ప్రతి స్పెల్ పక్కన ‘ఇది ఎవరినుంచి నేర్చుకున్నావు’ అని ఒక గడి మాత్రం గీశాను. ఆటగాళ్ళు ఆ గడి నింపుతూనే సగం కథ వాళ్ళే రాసిచ్చారు.

ఇక శక్తికి హద్దు ఎక్కడ అంటే, నిర్గమకాండములో కప్పల తెగులు చూడండి. మోషే అన్న అహరోను చెయ్యి చాపితే ఐగుప్తు (ఈజిప్టు) నిండా కప్పలు. అక్కడి రాజు ఫరో దగ్గరున్న శకునగాండ్రు కూడా తమ మంత్రాలతో కప్పలను రప్పించారు. వాళ్ళ విద్య పనిచేసింది! కానీ ఊరంతా కప్పలతో నిండిపోయి ఉంటే వాళ్ళు చేయగలిగింది ఇంకొన్ని కప్పలను తేవడం. తీసేయమని ఫరో మోషేనే బతిమాలుకోవాల్సి వచ్చింది. ఇది చదివాక నా రూలు ఒక్క వాక్యంలో తేలిపోయింది: మంత్రం పెంచగలదు, తీసేయలేదు. విజార్డ్ మంట పుట్టిస్తాడు, ఆర్పలేడు. నిద్రపుచ్చుతాడు, లేపలేడు. రోగం పోగొట్టడం, శాపం విప్పడం, పోయినది తిరిగి రప్పించడం అతని వల్ల కాదు. పాపం పాయింట్లు అక్కర్లేదు, శిక్ష అక్కర్లేదు. రెండో నెలకే విజార్డ్ తాను మొదలుపెట్టినవాటి మధ్య ఉక్కిరిబిక్కిరై, క్లరిక్ దగ్గరికి తనంతట తానే వచ్చాడు. ఆ సీను నేను రాసుకున్నది కాదు.

క్లరిక్‌కూ ఒక కట్టుబాటు ఉండాలి, లేకపోతే అన్యాయం. మొదట రోజుకు ఇన్నే స్పెల్స్, వాడినవి మర్నాడు తిరిగి వస్తాయి అన్న లెక్క తీసేసి, ప్రతిసారీ ప్రార్థన చెయ్యి, జవాబు నేను చెప్తాను అన్నాను. అది పనికిరాలేదు. క్లరిక్ ఆడే అమ్మాయి దేవుణ్ణి కాదు, నన్ను అడుక్కోవాల్సి వచ్చింది. లెక్క మళ్ళీ పెట్టేశాను. ఒక్కటి మార్చాను: సొంత లాభానికి వాడిన స్పెల్, ఆ లాభం తిరిగి ఇచ్చేదాకా మర్నాడు తిరిగి రాదు. అపొస్తలుల కార్యముల్లో గారడీ సీమోను పరిశుద్ధాత్మ వరాన్ని డబ్బిచ్చి కొనబోయాడు కదా, అదే.

దయ్యాలను వెళ్ళగొట్టడానికి లెవెల్ (క్యారెక్టర్ ఎంత బలపడిందో చెప్పే అంకె) చూడకండి. అదే పుస్తకం 19వ అధ్యాయంలో స్కెవ కొడుకులు ఏడుగురు యేసు పేరు అరువు తెచ్చుకుని దయ్యాన్ని పొమ్మంటారు. నాకు యేసు తెలుసు, పౌలూ తెలుసు, మీరెవరు అంటుంది అది. ఆ ఏడుగురూ గాయాలతో, ఒంటిమీద బట్ట లేకుండా ఆ ఇంట్లోంచి పారిపోతారు. మా ఆటలో దొంగ క్యారెక్టర్ ఒకసారి క్లరిక్ మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పాడు, ఇరవై ముఖాల డైస్ మీద 19 పడింది. నేను మెల్లగా ‘నువ్వెవరు?’ అని మాత్రం అన్నాను. టేబుల్ దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక సమూయేలు మొదటి గ్రంథంలో, చనిపోయినవాళ్ళను పిలిచే ఏన్దోరు స్త్రీ. సౌలు కర్ణపిశాచం గలవాళ్ళను దేశంలోంచి వెళ్ళగొట్టిన రాజు. దేవుడు కలలోనూ, ప్రవక్తల ద్వారానూ పలకకపోయేసరికి అతనే మారువేషంలో రాత్రిపూట ఆవిడ గుమ్మం తొక్కుతాడు. చనిపోయిన ప్రవక్త సమూయేలు లేచి వస్తాడు, చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది. నేను దీన్ని ఒక సెషన్‌గా తయారుచేస్తూ, ఆవిణ్ణి పుర్రెలు, పొగ మధ్య కూర్చోబెట్టాను. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి ఉంది ఆ వారం. నా నోట్స్ చూసి తన బైబిలు తెచ్చి, అధ్యాయం చివర వేలు పెట్టి చూపించింది. “ఒరేయ్, ఆవిడ అన్నం పెట్టింది కదరా. అది రాయలేదేం?” అంది. నిజమే. పగలూ రాత్రీ ఏమీ తినక నేలమీద పడిపోయిన రాజును బతిమాలి, ఇంట్లో ఉన్న కొవ్విన దూడను కోసి, పిండి పిసికి పొంగని రొట్టెలు కాల్చి పెట్టింది. తనలాంటివాళ్ళను తరిమిన మనిషికి. ధర్మశాస్త్రం ఒప్పుకోని పని చేసే మనిషి, ఆ రాత్రి అతనిమీద దయ చూపిన మనిషి ఆవిడే. నోట్స్‌లో పుర్రెలు కొట్టేసి పొయ్యి రాశాను. మా వాళ్ళు ఆ రాత్రి ఆవిణ్ణి పట్టించాలా వద్దా అని గంటన్నర వాదించుకున్నారు. మీ ప్రపంచంలో చెడు పని చేసేవాళ్ళు, చెడ్డవాళ్ళు ఒకటి కాకుండా చూసుకోండి. ఆట రుచి అక్కడే ఉంది.

సాతాను విషయంలో ఒక జాగ్రత్త. యూదు, క్రైస్తవ నమ్మకాలను ఒకే మూటలో కట్టకండి. యోబు గ్రంథంలో సాతాను దేవుని సన్నిధిలో నిలబడి నేరం మోపేవాడు, అనుమతి లేకుండా యోబును ముట్టుకోలేడు. యూదు సంప్రదాయం ఎక్కువగా ఆ దారినే సాగింది. తిరుగుబాటు చేసి పడిపోయిన దూత అన్న రూపం క్రైస్తవంలో బలపడింది. యూదు పండితుల చర్చల గ్రంథం తాల్ముద్‌లో దయ్యాల రాజు అష్మెదాయి కథ ఉంది. సొలొమోను మనుషులు అతన్ని బంధించి తీసుకొస్తుంటే, దారి తప్పిన గుడ్డివాణ్ణి దారిలో పెడతాడు, పెళ్ళి ఊరేగింపు చూసి ఏడుస్తాడు. ఆ పెళ్ళికొడుకు నెలలోపు చనిపోతాడని అతనికి తెలుసు. ఇలాంటి దయ్యం ఒకటి మీ టేబుల్ దగ్గర మాట్లాడితే, కొమ్ములున్న వంద రాక్షసులకంటే ఎక్కువ గుర్తుండిపోతుంది.

చర్చికి వెళ్ళే స్నేహితులు భయపడుతున్నారంటే అది కొత్త కాదు. 1980లలో అమెరికాలో ఈ ఆట సాతాను పూజ అని పెద్ద అలజడి రేగింది, 1989లో వచ్చిన రెండో ఎడిషన్‌లో డెమన్, డెవిల్ అన్న పేర్లే పక్కన పెట్టేశారు. అదే ఆట తొలి ఎడిషన్లలో క్లరిక్‌కు కర్రలను పాములుగా మార్చే స్పెల్ ఉండేది. అది ఫరో ముందు అహరోను కర్ర పామైన కథలోనిదని మీ వాళ్ళకు చెప్పక్కర్లేదు.

చివరగా, మన దగ్గర ఆడేవాళ్ళకు ఒక మాట. మంత్రగత్తె వేట కథ పెట్టేముందు టేబుల్‌ను అడగండి. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఇప్పటికీ వస్తున్నాయి. మా టేబుల్ దగ్గర ఒకతను, వాళ్ళ ఊళ్ళో జరిగింది, ఆ కథ వద్దు అన్నాడు. తీసేశాను. కారణం ఇంకేమీ అడగలేదు.

మొదటి సెషన్‌కు పెద్ద ప్రపంచం కట్టకండి. ఒక ఊరు, ఒక విజార్డ్ నింపిన కప్పలు, వాటిని తీసేయగలిగినవాడు రెండురోజుల ప్రయాణం దూరంలో. నేను అలాగే మొదలుపెట్టాను.