బెంగళూరు గ్రావెల్ రేసుకి 38 టైరా, 45 టైరా?

నంది హిల్స్ వైపు సగం తారు, సగం ఎర్రమట్టి, మధ్యమధ్య కంకర ఉన్న రూట్లో గ్రావెల్ (కంకర దారి) సైకిల్ రేసుకి 38, 45 మి.మీ. వెడల్పు టైర్లలో ఏది వేయాలని అడిగారు. ఫ్రేమ్‌లో పడితే 45 మి.మీ. వేయండి. సన్న టైర్ స్పీడ్ అనేది నున్నటి తారు మీద మాట. కంకర మీద అది ప్రతి రాయికీ ఎగురుతుంది, ఆ ఎగరడంలోనే మీ బలమంతా పోతుంది. వెడల్పు టైర్ తక్కువ గాలితో రాయి మీద ఒదిగి సాగిపోతుంది. అమెరికాలో కాన్సాస్‌లో జరిగే అన్‌బౌండ్ గ్రావెల్‌లో చెకుముకి రాళ్ళు టైర్లను కోసేస్తాయి. ఈమధ్య అక్కడ గట్టి రేసర్లే కొందరు 2.1 అంగుళాల ఎంటీబీ (మౌంటెన్ బైక్) టైర్లకు మారారు.

టైర్‌కి రెండు పక్కలా కనీసం 4 మి.మీ. ఖాళీ ఉండాలి. వానలో ఎర్రమట్టి అతుక్కుంటే చక్రం తిరగదు.

70 కిలోల మనిషైతే ట్యూబ్‌లెస్‌లో (లోపల ట్యూబ్ లేని టైర్‌లో) గాలి 30 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి, ముందు చక్రానికి రెండు తక్కువ. రిమ్ రాయికి తగిలి ఠంగుమంటే రెండు పెంచండి. ట్యూబ్‌లెస్ మాత్రం తప్పనిసరి అంటాను. చెరువు గట్ల మీద తుమ్మముళ్ళకు మామూలు ట్యూబ్ నిలవదు. మన ఎండకి టైర్‌లో పోసే సీలంట్ (చిల్లులు పూడ్చే ద్రవం) త్వరగా ఆరిపోతుంది కాబట్టి, రేసుకి వారం ముందే వాల్వ్ కోర్ (గాలి పట్టే వాల్వ్ లోపలి చిన్న ముక్క) తీసి సన్న పుల్ల ముంచి చూడండి. తడి అంటకపోతే కొత్తది పోయండి.