కార్ట్ దాకా వచ్చి కొనకుండా వెళ్లిపోతున్నారంటే

మీ చేనేత చీరల సైటుకు ఇన్‌స్టాగ్రామ్ నుంచి చాలామంది వస్తున్నారని, చీర కార్ట్‌లో వేసుకుని కూడా డబ్బు కట్టకుండా వెళ్లిపోతున్నారని రాశారు. డిజైన్ మొత్తం మార్చేయాలా అని అడిగారు. అక్కరలేదండి. బెంగళూరులో చిన్న వ్యాపారాల సైట్లకు డిజైన్ చేయడం నా వృత్తి. కార్ట్ దాకా వచ్చిన మనిషికి చీర నచ్చినట్టే. ఆ తరువాత ఎక్కడో సందేహమో విసుగో కలిగింది. పట్టుకోవలసింది ఆ చోటును.

ముందుగా ఒక చవక ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని, వైఫై ఆపేసి, ఇన్‌స్టాగ్రామ్‌లోని లింకు నొక్కి మీ చీర మీరే కొని చూడండి. ఆ లింకు సాధారణంగా ఇన్‌స్టాగ్రామ్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. క్రోమ్‌లో అప్పటికే లాగిన్ అయి ఉన్నా అది అక్కడ పనికిరాదు. అలాంటి చోట ఖాతా తెరవమని, పాస్‌వర్డ్ పెట్టుకోమని అడిగితే ఎవరికి ఓపిక ఉంటుంది? ఫోన్ నంబరు, ఓటీపీతో కొననివ్వండి.

ఇక చిరునామా పేజీ. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. ఒక సైటు పనిలో భాగంగా మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగువాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు కొంటుంటే గమనించాను. వీధి పేరు తప్పనిసరి అన్న గడి దగ్గర ఒకావిడ ఆగిపోయి, "మాది ఏడో మెయిన్, పన్నెండో క్రాస్. ఇందులో వీధి ఏదని రాయాలండీ?" అని అడిగారు. బెంగళూరులో చాలా వీధులకు పేరు బదులు మెయిన్, క్రాస్ అన్న నంబర్లే ఉంటాయి. ఆ ఫారం ఈ ఊరిని ఎరగని వాళ్లు తయారుచేసింది. ఆ ముక్కలన్నీ తీసేసి ఒకే పెద్ద గడి, దాని కింద దగ్గరి గుర్తుకు ఇంకో గడి పెట్టించాం. అన్నిటికంటే ముందు పిన్‌కోడ్ అడిగి, ఆరు అంకెలు పడగానే ఊరు, రాష్ట్రం వాటంతటవే నిండేలా చేశాం. అంకెలు కొట్టాల్సిన చోట అంకెల కీబోర్డే రావాలి. గడిలోని అక్షరాలు 16 పిక్సెళ్ల కంటే చిన్నవైతే ఐఫోన్‌లో గడి తాకగానే పేజీ పెద్దదై పక్కకు జరిగిపోతుంది. చూడటానికి చిన్న విషయమే, కానీ చిరాకు పెడుతుంది.

డబ్బు కట్టే పేజీలో క్యూఆర్ కోడ్ మాత్రమే ఉంటే వెంటనే మార్చండి. ఉన్న ఒక్క ఫోన్‌తో దాని తెరమీది కోడ్‌నే స్కాన్ చేయడం కుదరదు కదా. బటన్ నొక్కగానే యూపీఐ యాప్, కట్టాల్సిన మొత్తంతో సహా తెరుచుకోవాలి. పిన్ కొట్టి తిరిగి వచ్చేసరికి కార్ట్ ఖాళీగా కనిపిస్తే, డబ్బు పోయిందేమోనని కంగారు పడతారు. చెల్లింపు సరిచూస్తున్నామని, ఒకవేళ ఆగిపోతే ఏం చేయాలో ఆ తెరమీదే చెప్పండి.

ఫొటోల బరువు తగ్గించండి. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్ల లోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలత. అయితే పగటి వెలుగులో తీసిన అంచు ఫొటో, కొంగు ఫొటో మాత్రం తీసేయకండి. చేత్తో పట్టి చూడలేని వాళ్లకు అవే ఆధారం. బ్లౌజు ముక్క ఉందా, ఎన్ని రోజుల్లో వస్తుంది, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా, డెలివరీకి ఎంత అన్నవి చీర పేజీలోనే, ధర పక్కనే ఉండాలి. చివరి పేజీలో కొత్తగా రుసుము కలిపితే అప్పటిదాకా సంపాదించిన నమ్మకం పోతుంది.

"రెండే మిగిలాయి, త్వరపడండి" అని ఊరికే రాయమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. అలాంటి అబద్ధపు తొందర, చివర్లో బయటపెట్టే రుసుములు, అడగకుండా కార్ట్‌లో వస్తువులు చేర్చడం, ఇవన్నీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం. మీ మగ్గం మీద ఆ రంగులో నిజంగా ఒకే చీర నేసి ఉంటే, ఆ సంగతి అలాగే రాయండి.