అరిసెలు నూనెలో విరిగిపోతుంటే

అరిసెలు నూనెలో వేయగానే ఎందుకు విరిగిపోతున్నాయని అడిగారు. పిండి తడారిపోయింది, అదే కారణం. అమ్మ చెప్పిన కొలతే, పాకమూ ఉండపాకమే అన్నారు. కానీ రాత్రి మర పట్టించిన పిండితో పొద్దున చలిమిడి (బెల్లం పాకంలో పిండి కలిపిన ముద్ద) కలిపానని కూడా రాశారు. లోపం అక్కడే.

పెద్దవాళ్లు కొలతలు చెబుతారు గానీ ఈ సంగతి చెప్పరు, వాళ్లకది అలవాటు కాబట్టి. ఈసారి ఇలా చేయండి:

1. బియ్యం ఒక రోజంతా నానాలి. మధ్యలో నీళ్లు మార్చండి.

2. వడకట్టి బట్ట మీద పరవండి, నీరు దిగితే చాలు. చేత్తో పట్టుకుంటే ఇంకా చల్లగా, తడిగా తగలాలి.

3. పట్టించిన వెంటనే జల్లించి, గిన్నెలో అదిమిపెట్టి తడిబట్ట కప్పండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టి అలాగే నిలవాలి. పొడిపొడిగా రాలిందంటే ఆ పిండి అరిసెలకు పనికిరాదు.

4. పాకం పెట్టేది ఆ తర్వాతే. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. వెంటనే దించేసి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు కలపాలి. ఒక్కరే చేస్తే ఉండలు కడుతుంది, ఇంట్లో ఎవరినైనా పిలవండి.

మిగిలిన చలిమిడి పారేయకండి. గోరువెచ్చని పాలు కొద్దికొద్దిగా చల్లి, నెయ్యి చేత్తో బాగా మర్దించి, ముందు ఒక్కటి వేసి చూడండి. అంచు పగలకుండా పొంగితే మిగతావి వత్తుకోవచ్చు.