తెలుగు మీడియం డిగ్రీతో ఎమ్మెస్సీ మ్యాథ్స్‌కి బయటికి వెళ్తే తట్టుకోగలమా?

అమలాపురంలో తెలుగు మీడియంలో బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నానని, ఎమ్మెస్సీ మ్యాథ్స్‌కి బయటి యూనివర్సిటీకి వెళ్లాలని ఉన్నా ఇంగ్లీషు చూసి భయమేస్తోందని రాశారు. నాదీ కోనసీమేనండి, రాజోలు దగ్గర పల్లెటూరు. ఇదే భయంతో రైలెక్కాను.

ఇంగ్లీషు భయం నెల రోజులకే పోయింది. ఒక నోట్‌బుక్కులో ఇటు అనుక్రమం, అటు సీక్వెన్స్. ఇటు సమూహం, అటు గ్రూప్. ఇటు సదిశాంతరాళం, అటు వెక్టర్ స్పేస్ అని రాసుకున్నాను. లెక్కల పుస్తకంలో వచ్చే ఇంగ్లీషు చాలా కొంచెం, వచ్చిన మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి.

నన్ను ఏడిపించింది వేరు. డిగ్రీలో సిద్ధాంతాన్ని నిరూపణతో సహా బట్టీ పట్టి, పరీక్షలో దించేసేవాళ్లం. నాకు మార్కులు బాగానే వచ్చేవి. ఎమ్మెస్సీలో మొదటి ఇంటర్నల్, రియల్ అనాలిసిస్‌లో 20కి 3 వచ్చాయి. ఆ రాత్రి హాస్టల్లో అన్నం తినలేదు. పేపర్లో సిద్ధాంతం రాయమని ఒక్క ప్రశ్నా లేదు. ‘ఇది నిజమా, కాదా? కాకపోతే ఒక ఉదాహరణ చూపించు’ అన్నవే అన్నీ.

అందులో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. 0కి, 1కి మధ్య 1/ఎక్స్ ప్రమేయం (ఫంక్షన్) అవిచ్ఛిన్నమే, అంటే గీత ఎక్కడా తెగదు. మరి ఏకరూప అవిచ్ఛిన్నమా, అంటే యూనిఫామ్‌లీ కంటిన్యువసా? విలువల తేడా ఎంతలోపు ఉండాలో చెబితే (అది ఎప్సిలాన్), బిందువులు ఎంత దగ్గరగా ఉంటే చాలో చెప్పే దూరం (అది డెల్టా) అన్నిచోట్లా ఒక్కటే సరిపోవాలి. నిర్వచనం ఎప్సిలాన్, డెల్టాలతో తప్పు లేకుండా రాసి, అక్కడే ఆగిపోయాను. తర్వాత సీనియర్ అక్క ఒకావిడ నా పక్కన కూర్చుని, ‘1/10, 1/11 తీసుకో. ఎంత దూరం?’ అంది. 1/110. ‘ప్రమేయం విలువలు?’ 10, 11. తేడా 1. ‘1/100, 1/101 తీసుకో.’ దూరం 1/10100కి పడిపోయింది, విలువల తేడా మాత్రం మళ్లీ 1. బిందువులు ఎంత దగ్గరికి జరిగినా విలువల తేడా 1 దగ్గరే ఉంటోంది. అంటే అన్నిచోట్లా పనికొచ్చే డెల్టా ఒక్కటీ దొరకదు. సున్నా దగ్గరికొచ్చేసరికి ఆ గ్రాఫు కొబ్బరిచెట్టులా నిలువుగా లేచిపోతుంది కదండీ, కారణం అదే. మూడేళ్లు వల్లెవేసిన నిర్వచనం ఆ పది నిమిషాల్లో నాకు అర్థమైంది.

అప్పటినుంచి ప్రతి సిద్ధాంతానికీ, అందులో ఒక షరతు తీసేస్తే ఎక్కడ చెడుతుందో ఒక ఉదాహరణ వెతికి రాసుకునేదాన్ని. వేసవి సెలవులకి ఇంటికొస్తే దాళ్వా కోతలైపోయి, కాలువలు కట్టేసి ఉండేవి. తోటలో మంచం వాల్చుకుని రోజుకి రెండు లెక్కలు, అంతే. ఒక్కోసారి ఒక్కటే తేలేది. నాన్న వచ్చి ‘ఇంకా అదే కాగితమా?’ అనేవారు. అవునండి, లెక్కల్లో అలాగే ఉంటుంది, ఒకే కాగితం మీద మూడు రోజులు.

ఇక ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షల సంగతి. ఆంధ్రా యూనివర్సిటీ, మన నన్నయ యూనివర్సిటీలకైతే ఏపీ పీజీసెట్. ఐఐటీలకి జామ్: మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలు పది వస్తాయి, అన్నీ సరిగ్గా గుర్తిస్తేనే మార్కు. పైన చెప్పిన ఉదాహరణల నోట్‌బుక్కు ఉన్నవాళ్లకి అవే కలిసొస్తాయి. ఇంకొకటి, ఎంటీటీఎస్ అని 1993లో ఎస్. కుమరేశన్ గారు మొదలుపెట్టిన లెక్కల వేసవి శిక్షణ ఉంది. అక్కడ పాఠం ఒప్పజెప్పరు, ప్రశ్నలడిగి మీ చేతే చెప్పిస్తారు. దానికి తప్పకుండా అప్లై చేయండి, డిగ్రీ పిల్లల్నీ తీసుకుంటారు.

‘లెక్కలు చదివి ఏం చేస్తుంది?’ అని మీ ఇంట్లోనూ అడుగుతారు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకి 37,000 ఫెలోషిప్ వస్తుందని చెప్పండి. మా అమ్మ టెన్షన్ సగం దాంతోనే తగ్గింది.

ఈ వారం ఒక పని చేయండి. ఎక్స్ స్క్వేర్ ప్రమేయం 0కి, 1కి మధ్య ఏకరూప అవిచ్ఛిన్నమే, మొత్తం వాస్తవ సంఖ్యల మీద మాత్రం కాదు. ఎందుకు కాదో పుస్తకం తెరవకుండా కనుక్కోండి. 10కి పక్కన 10.1, 100కి పక్కన 100.01 పెట్టి మొదలుపెట్టండి. ఎంతవరకూ వచ్చిందో కింద రాయండి, చూసి చెబుతాను.